నగారా గది కిటికీలో రేడియో

మా ముత్తాత మొఖాసాదారు. ఆయన తండ్రీ మొఖాసాదారే. నరసరావుపేటకూ శివుడి కొండకూ నడుమ ఉన్న ఊళ్ళ శిస్తు మా చావడిలో చెల్లేది. గట్టు తగాదా వచ్చినవాళ్ళు కోర్టుకు పోయేముందు మా అరుగు ఎక్కి చూసేవారు. మా తాత గుర్రం మీద తప్ప ఊరి పొలిమేర దాటలేదు. మా నాన్న నాటికి గుర్రం లేదు, కానీ దాని కళ్ళెం తగిలించిన గోడకు ఎదురుగానే పీట వేయించుకుని భోంచేసేవాడు. ఈ మాటలు గొప్పకు రాయడం లేదు. మా దివాణం గేటు మీద నగారా గది ఎందుకు ఉండేదో తెలియకపోతే తరువాత జరిగింది అర్థం కాదు.

శివరాత్రికి మా ఊరి ప్రభ కొండ తిరునాళ్ళకు వెళ్ళేది. ప్రభ ఎరగనివారికి ఒక్క మాట: వెదుళ్ళతో తాటిచెట్టంత ఎత్తు చట్రం కట్టి, రంగు గుడ్డలూ అద్దాలూ తొడిగి, బండి మీద నిలబెట్టి ఎడ్లతో లాక్కుపోతారు. మా గేటు మీది గదిలో నగారా మోగేదాకా ఆ ఎడ్లను ఎవరూ అదిలించేవారు కాదు. దాన్ని తొలి మోత అనేవారు. కొట్టే మనిషి కిందివాళ్ళకు కనపడడు. కనపడవలసిన అవసరం ఎవరికీ తోచలేదు కూడా. మోత దివాణానిది, అంతే.

మొఖాసాలు రద్దయిన కాలంలో మా నాన్న ఆ వ్యవహారం మీద మదరాసు వెళ్ళి వచ్చాడు. వసారాలోకి అడుగుపెట్టి, మా నాయనమ్మతో "ఊళ్ళు పోయినయమ్మా" అని, జేబులోంచి జర్మనీ మౌత్ ఆర్గాన్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ రెండు పనులకూ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కొన్నేళ్ళకు ఆయన పోయాడు. నాకు మిగిలినవి ఇల్లు, నాయనమ్మ, డ్రై బ్యాటరీతో పలికే పెద్ద రేడియో, యుద్ధం రోజుల్లో ఆయన వార్తలు వినడానికి చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోను, ఆ మౌత్ ఆర్గాన్, తొలి మోత.

నగారా కొట్టే ముసలాయన పోయాక ఆయన కొడుకులు మాచర్ల అవతల డ్యాము పనికి వెళ్ళిపోయారు. నగారా చర్మాలు ఎలుకల పాలయ్యాయి. ఆ ఏడు పండుగకు ముందు, ప్రభ పనులు చూసే ఊరిపెద్ద మా అరుగు దగ్గరకు వచ్చాడు.

"బాబుగారూ, తొలి మోత సంగతి ఏందండీ ఈ ఏడు? పత్తి మిల్లు షావుకారుగారు మైకు సెట్టు తెప్పిస్తన్నారు. తమకు ఇబ్బందయితే వాళ్ళ గేటు కాణ్ణించి రికార్డు ఏసి కదిలిద్దామని అనుకుంటన్నారు."

"తొలి మోత ఈ గేటు మీదనుంచే. నేను వాయిస్తాను" అన్నాను.

"తమరా? నగారానా?"

"మౌత్ ఆర్గాన్."

ఆయన నవ్వు ఆపుకోవడానికి కండువాతో మూతి తుడుచుకున్నాడు. "తిరునాళ్ళలో పిల్లకాయలు ఊదే బూరలాంటిదేగదండీ అది? అంత జనంలో ఎవరికి ఇనపడుద్ది?"

"మైకులో వాయిస్తాను. అందరికీ వినపడుతుంది."

"అయితే సరే. ప్రభకు అవతల నిలబడ్డ కడాఖరి మనిషికి ఇనపడితే తొలి మోత తమదే. ఇనపడకపోతే మటుకు ఏమనుకోమాకండి. ఇక ఏటా షావుకారుగారి గేటే."

మాట ఇచ్చేశాను. మైకు అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

నరసరావుపేటలో మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టాయన మాటకారి. చర్చిలో క్రిస్మస్‌కూ, పెళ్ళిళ్ళకూ, ఎలక్షన్ మీటింగులకూ ఆయన సెట్లే. కొట్టు నడిమధ్య స్టాండు మీద, కాకరకాయ ఆకారంలో, మెరిసే మైకు పెట్టి "ఊదండి బాబుగారూ" అన్నాడు. నేను గజం దూరంలో నిటారుగా నిలబడి ఊదాను. వీధిలో కట్టిన లౌడ్‌స్పీకరు బూరలోంచి దోమ పాడినట్టు వచ్చింది.

"దగ్గరికి రండి. మూతి ఆనించండి."

"దీనికి ఎవరెవరు మూతి ఆనించారు?"

"ఆనించంది ఎవరండీ! లీడర్లు, హరిదాసులు, పొగాకు వేలం గుమాస్తాలు, పండగనాడు మా పాస్టరుగారు. ఊళ్ళో నోరున్నోళ్ళంతా దీంట్లోనే అరిచారు."

"అయితే నేను ఆనించను. ఎంగిలి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది మైకండీ బాబుగారూ, మంచినీళ్ళ గ్లాసు కాదు. సరే, తమరు అక్కడే ఉండండి. నేనే పెంచుతా" అని మీట తిప్పాడు. ఒక్కసారిగా బూరలోంచి కూత లేచింది. నేను ఊదకుండానే లేచింది. ఈల కాదు, కేక కాదు, వంద నక్కలు ఒక్క గొంతుతో అరిచినట్టు. వీధిలో జట్కా గుర్రం ముందుకాళ్ళు ఎత్తింది. ఎదురు హోటల్లోంచి జనం బయటికి వచ్చి చూశారు. నేను మౌత్ ఆర్గాన్ పట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంతమంది నన్ను అలా చూడటం అదే మొదలు.

"దూరంగా ఉంటే ఇంతేనండీ. బూర మోతను మైకే మళ్ళీ తాగి, మళ్ళీ కక్కుద్ది" అన్నాడాయన, పెద్ద విశేషమేమీ కానట్టు.

ఎవరూ వాడని మైకులు చూపించమన్నాను. పెట్టెలు విప్పాడు. ఒకటి ఇనపగుండంత బరువు. దాన్ని చేతిలో పట్టుకుని వాయిస్తే ఊపిరి బుసా, పెదవుల తడీ, రేకుల మీద గోరు తగిలిన చప్పుడూ అన్నీ దాచకుండా బయటపెట్టింది. ఇంకొకటి టెలిఫోన్ మైకు లాంటిది. దాంట్లో బొగ్గుపొడి ఉంటుందట. పాట వెనకాల ఎప్పుడూ పోపు చిటపటలాడుతూనే ఉంది. మూడోది క్రిస్టల్ మైకు. సగానికి కోసిన జామకాయంత, తేలిక. దానికి స్టాండు లేదు. మౌత్ ఆర్గాన్ పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి కనుక, వేరే దారిలేక ఆ రెంటినీ కలిపి దోసిట్లో బిగించి ఊదాను.

చేతులు బిగిసిన కొద్దీ సన్నదనం పోయింది. పీపీలాంటి నా వాయిద్యం గొంతు మారి, నిండుగా, బొంగురుగా పలికింది. దోసిలి కొంచెం విప్పితే పిలిచినట్టు, మూస్తే మూలిగినట్టు. నేను ఆపేసి వెనక్కి తిరిగి చూశాను, వెనకాల ఎవరైనా వాయించారేమోనని.

ఆ పలుకు కొట్టాయన బల్ల మీద బాగుచేయడానికి ఉంచిన చిన్న ఆంప్లిఫయర్‌లోంచి, చెక్కపెట్టె స్పీకరులోంచి వచ్చింది. అదే మైకును పెద్ద ఆంప్లిఫయర్‌కు, వీధి బూరలకు తగిలిస్తే రేకు మీద మేకు గీసినట్టు ఉంది. అడుగు స్వరాలు అసలే లేవు. బూరకు గొంతే గాని గుండె లేదు. చిన్న ఆంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి పెంచితే వాల్వులు ఆయాసపడి పలుకు చిక్కనవుతోంది. పెద్దది ఎంత పెంచినా ఆయాసపడదు, మరింత గట్టిగా అరుస్తుంది.

"ఆ చిన్నదే కావాలి" అన్నాను.

"అది పెళ్ళిలో వంటపందిట్లోక్కూడా చాలదండీ. తిరునాళ్ళకు నాలుగు బూరలు, కారు బ్యాటరీలు రెండు, పెద్ద సెట్టు. కొండమీద దేవుడు లేచి కూచోవాల."

ఆయనకు మోత కావాలి. నాకు పలుకు కావాలి. ఊరిపెద్దకు మాట ఇచ్చింది మాత్రం మోతకే. కొత్త క్రిస్టల్ మైకును పెట్టెతో సహా కొనుక్కుని, ఆ రెంటినీ కలిపే దారి ఏమిటా అని బస్సులో ఇంటిదాకా ఆలోచించాను.

దారి మా హాల్లోనే ఉంది. మా రేడియో కూడా వాల్వుల ఆంప్లిఫయరే కదా. వెనకవైపు గ్రామఫోను తగిలించే రంధ్రాలున్నాయి. మీట గ్రామఫోను వైపు తిప్పి మైకు అక్కడ తగిలిస్తే, కొట్లో విన్న పలుకుకన్నా నిండుగా వచ్చింది. గేటు మీది గదిలో కిటికీ దగ్గర రేడియో పెట్టి, దాని స్పీకరు మీది గుడ్డ ముందు అద్దె మైకును స్టాండు మీద నిలబెడితే, చిక్కదనం రేడియో ఇస్తుంది, ప్రభ బండికి కట్టిన బూరలు దాన్ని ఊరవతలికి మోస్తాయి. బూరలు ఊరి బయట అంత దూరాన ఉంటాయి కనుక కూత లేవదు. ఊరందరి మూతులు తగిలిన మైకు నా మూతికి కాక రేడియోకు ఎదురుగా ఉంటుంది. దివాణం మనిషి తైలాలమ్మేవాడిలా వీధిలో మైకు ముందు నిలబడనక్కర్లేదు. ఈ ఏర్పాటు నాకు అన్ని విధాలా నచ్చింది.

మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి బల్ల మీద మైకు లేదు. పెరట్లోకి వెళ్ళాను. నులకమంచం మీద మిరపకాయలు ఎండుతున్నాయి. వాటి పక్కన, తెల్లటి గుడ్డ మీద, పసుపుపచ్చగా నా మైకు ఎండుతోంది.

"నాయనమ్మా! దీన్ని ఏం చేశావు?"

"ఏం చేశానేందిరా. కొట్లో ఎంతమంది ఊది చూశారో ఏమో, దాన్ని నువ్వు నోటికాడ పెట్టుకుంటే చూస్తా ఊరుకుంటానా? పసుపునీళ్ళలో మూడు ముంచులు ముంచి కడిగా. లోపల చుక్క తడి లేకుండా ఎండబెట్టా. చూసుకో."

రేడియోకు తగిలించి ఊదాను, పలకలేదు. ఆ మైకు లోపల ఉండేది ఒక రకం ఉప్పు స్ఫటికమట. తడీ వేడీ రెండూ తగలనీయొద్దని కొట్టాయన చెప్పి మరీ ఇచ్చాడు. ఆవిడ శ్రద్ధగా రెండూ తగిలించింది. తప్పు పట్టడానికి వీల్లేదు. కొట్లో ఎంగిలని నేనన్న మాటనే ఆవిడ ఇంట్లో చేసి చూపించింది.

నరసరావుపేటకు మనిషిని పంపితే, ఇంకొకటి మదరాసు నుంచి రావాలనీ, అది తిరునాళ్ళ దాటాక వస్తుందనీ కొట్టాయన కబురు చేశాడు.

ఆ సాయంత్రం ఒకవేళ పోయింది మైకు కాదేమో, రేడియోలోనే ఏదో తెగిందేమో అన్న ఆశతో మా నాన్న హెడ్‌ఫోను తీసి వెనక రంధ్రాల్లో తగిలించాను. చెవికి పెట్టుకుంటే ఏమీ వినపడలేదు. విసుగ్గా బల్లమీద పడేశాను. నాయనమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి ఆ బల్లమీదికి వంగింది.

"ఇంకా దాన్నే పట్టుకుని కూచున్నావా? అన్నానికి రారా."

"రారా" అంది రేడియో.

ఆవిడ గొంతే. కానీ ఇంకో మనిషి గొంతులా, బావిలోంచి వచ్చినట్టు, బరువుగా. గ్లాసు కిందపడి మజ్జిగ నా పాదాలమీదికి పారింది.

"ఒరేయ్! నా గొంతు దాంట్లో పడిందేందిరా!"

"రా" అంది రేడియో మళ్ళీ.

నేను హెడ్‌ఫోను తగిలించింది వినే రంధ్రాల్లో కాదు, గ్రామఫోను రంధ్రాల్లో. వినడానికి చేసిన వస్తువు మాట్లాడుతోంది.

"అది మీ నాన్న చెవులకు పెట్టుకున్నది కదరా. దానికి మాటలెట్టా వచ్చినయి?" నాయనమ్మ గుమ్మం దాకా వెనక్కి వెళ్ళి అక్కడే నిలబడి చూస్తోంది. రేడియోకు అందకుండా గొంతు తగ్గించి అడిగింది.

ఒక చెవి గిన్నెను తలపట్టీనుంచి వేరుచేసి, మౌత్ ఆర్గాన్‌కు ఆనించి రెండు చేతుల్లో బిగించాను. ఎంగిలి ప్రశ్నే లేదు, అది మా నాన్నది. ఊదాను.

క్రిస్టల్ మైకులో మెరుపు ఉండేది. దీంట్లో మెరుపు లేదు. పై స్వరాలన్నీ మొద్దుబారి, అడుగు స్వరాలు మాత్రం గుండెల్లోంచి వచ్చినట్టు వచ్చాయి. ఒక పెద్దమనిషి నలుగురి ముందు దుఃఖం ఆపుకుంటూ ఆపుకోలేకపోతున్నట్టుగా ఉంది. మా నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు. మా ఇంట్లో మగవాళ్ళు ఏడవరు. ఇప్పుడు మా హాల్లో ఎవరో ఏడుస్తున్నారు, ఆ ఊపిరి నాది. నేను వెంటనే చేతులు విప్పేశాను. నాయనమ్మ గుమ్మంలో కూలబడి ఉంది.

"ఆపావేందిరా" అంది. "ఇంకొంచెం వాయించు."

శివరాత్రి నాటి తెల్లవారుజామున వీధి నిండా జనం. ప్రభ ఊరి బయట ఎడ్లు పూన్చుకుని ఉంది. బూరలు దానిమీదే కట్టారు. షావుకారుగారి గేటు ముందు గ్రామఫోను సిద్ధంగా పెట్టుకుని వాళ్ళ గుమాస్తా కూర్చున్నాడని తెలిసింది. మైకు కొట్టాయన గేటు మీది గదిలోకి వచ్చి, కిటికీలో రేడియో ముందు స్టాండు నిలబెట్టి, తీగ చూసుకుని, "బూరల కాడ ఉంటానండీ" అని దిగిపోయాడు. నేను కిటికీ పక్క గోడకు వీపు ఆనించి నేలమీద కూర్చున్నాను. నగారా కొట్టే ముసలాయన కూర్చునే చోటు అది.

మొదట పాట వాయించలేదు. నగారా దెబ్బ వాయించాను. ఊపిరి లోపలికి ఒక దెబ్బ, బయటికి ఒక దెబ్బ, అడుగు స్వరాల మీద. చిన్నప్పటినుంచి వింటున్న దెబ్బే. రేడియో దాన్ని పట్టుకుంది, మైకు రేడియోను పట్టుకుంది, ఊరి బయటినుంచి బూరల్లో అది మళ్ళీ నా దగ్గరకే వచ్చింది. వీధిలో మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో దెబ్బ మీదనుంచి పాటలోకి వెళ్ళాను. ఎంతసేపు వాయించానో తెలియదు. ఎడ్ల గంటలు వినపడ్డాయి. తరువాత జనం అరుపు. ప్రభ కదిలింది. షావుకారుగారి రికార్డు పడలేదు.

చొక్కా చెమటకు తడిసిపోయింది. తుడుచుకుని, కండువా సర్దుకుని, మెట్లు దిగి గేటు దగ్గరకు వచ్చాను. ఊరిపెద్ద జనాన్ని తోసుకుంటూ వచ్చి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"బాబుగారూ! చెరువు కట్ట మీదున్నోళ్ళకు కూడా ఇనపడింది. మా ఆడోళ్ళు ఏడ్చారండీ. చానా గొప్పగా ఉంది."

నేను తల పంకించాను.

"భలే రేడియో అండీ! అది బెజవాడ స్టేషనా, మదరాసా?"

ఆయన వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. చుట్టూ చూశాను. జనమంతా తల పైకెత్తి కిటికీలో ఉన్న రేడియోనే చూస్తున్నారు. ఎవడో కుర్రాడిని భుజాలమీదికి ఎత్తి మరీ చూపిస్తున్నాడు. "సీలోన్ అయ్యుంటదిరా" అంటున్నారొకరు. "బెజవాడోళ్ళు ఇంత పొద్దున్నే ఎక్కడ పాడి చస్తారు, సీలోనే" అంటున్నారు మరొకరు. కిటికీలో రేడియో ఉంది, రేడియో ముందు మైకు ఉంది. వాళ్ళకు కనపడిందే వాళ్ళు నమ్మారు. ఆ కిటికీ పక్కన మనిషి ఉంటాడని ఎవరు అనుకుంటారు?

"తమరు మౌత్ ఆర్గాన్ అంటే నేనే తప్పుగా అనుకున్నా" అన్నాడు ఊరిపెద్ద, నన్ను సంతోషపెట్టాలని. "మా కోసం ఆ పట్టుదల మానుకుని రేడియో పెట్టించారు. పెద్దరికం అంటే అదీ. వచ్చే ఏడు కూడా ఆ రేడియో ఉంటే చాలండీ. తమకు శ్రమ దేనికి?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. నా జేబులో మౌత్ ఆర్గాన్ ఇంకా వెచ్చగానే ఉంది. కానీ నేనే వాయించానని గేటులో నిలబడి, అడగనివాళ్ళకు చెప్పుకోవడం ఎలా? నమ్మకపోతే వాయించి చూపించాలి. మెచ్చుకోమని వీధిలో ఊది చూపించాలి. "మంచిది" అని లోపలికి వచ్చేశాను.

వంటింట్లో నాయనమ్మ వెనక్కి తిరక్కుండానే అడిగింది. "ఏమన్నారు?"

"రేడియో బాగుందన్నారు."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "చెప్పావా?" అంది.

"లేదు."

"చెప్పమాక" అంది. ఆ పూట ఆవిడ ఉపవాసం. నేనూ తినలేదు.

ఆ ఎండాకాలం దాటాక వచ్చిన వానలకు మా తూర్పు వసారా కూలింది. షావుకారుగారి మనిషి ఊరిపెద్దను వెంటబెట్టుకుని వచ్చి, ఆ రేడియో తమకు ఇప్పించమని మర్యాదగానే అడిగాడు. ఇచ్చేశాను. వాళ్ళిచ్చిన డబ్బుతో వసారా లేచింది.

మరుసటి శివరాత్రికి ప్రభ ముందు జనం మళ్ళీ నిండారు. ఈసారి రేడియో షావుకారుగారి మేడమీది కిటికీలో ఉంది, ఎదురుగా మైకు ఉంది, అచ్చం మేము పెట్టినట్టే. నేను మా గేటులో నిలబడి విన్నాను. బూరల్లోంచి మొదట గరగర వచ్చింది. తరువాత ఒక పెద్దమనిషి పత్తి చేలకు పురుగుమందు ఎప్పుడు కొట్టాలో నిదానంగా చెప్పడం మొదలుపెట్టాడు. జనం కాసేపు భక్తిగానే విన్నారు. తరువాత గొడవ మొదలయింది. షావుకారుగారి గుమాస్తా పరిగెత్తుకుంటూ మా గేటుకు వచ్చాడు.

"బాబుగారూ, ఆ పాట వచ్చేది ఏ స్టేషనండీ? ముల్లు ఎక్కడ పెట్టాలి? జనం అరుస్తన్నారు!"

అతని ముఖంలోకి చూశాను. వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతున్నాడు. నెలల తరబడి ఆ ఇంట్లో ప్రతి రోజూ ముల్లు తిప్పి నా పాట వెతుకుతున్నారన్నమాట.

"మా ఇంట్లో ఉన్నప్పుడు వచ్చేది" అన్నాను.

"అయితే ఏరియల్ తేడా అయ్యుంటది" అని అతను వచ్చిన దారినే పరిగెత్తాడు. కొంచెంసేపటికి బూరల్లో రికార్డు పడింది. ఎడ్లు కదిలాయి. తొలి మోత ఆనాటినుంచి షావుకారుగారి గేటుదే.

ఆ వేసవిలో నగారా జతను బండిమీద చిలకలూరిపేటకు పంపి, రాగి కింద తూకానికి అమ్మేశాం.